వీధి దావత్ తెల్లోళ్ళ పద్ధతా? కొత్త కాలనీలో అందరం కలిసి తినడం గురించి

మీరు అడిగింది ఇదీ. నల్లగొండ శివారులో మీది కొత్త కాలనీ, మీ వీధిలో ముప్పై నలభై ఇళ్ళుంటాయి, వచ్చి మూడు నాలుగేళ్ళయినా ఎవరికి ఎవరూ సరిగా తెలియరు. ఒక ఆదివారం సాయంత్రం వీధిలో టెంట్ వేసి అందరం కలిసి తిందామని మీరంటే, ఒక పెద్దాయన "ఇది తెల్లోళ్ళ పద్ధతి, మనకు పండుగలు తక్కువయ్యాయా" అన్నారు. దీనికి చరిత్ర ఉందా, నిజంగా ఏమైనా లాభం ఉందా, చేస్తే ఎట్లా చేయాలి అని మీ ప్రశ్న. నేను ఈ ఊళ్ళోనే చాలా ఏళ్ళుగా టెంట్ హౌస్ నడుపుతున్నాను. పెళ్ళిళ్ళకు, దినాలకు, గణేశ్ మండపాలకు, మీటింగులకు సామాను వేసినట్టే కాలనీల దావత్‌లకూ వేస్తుంటాను. నాకు ఇది చాలా ఇష్టమైన సంగతి కాబట్టి కొంచెం పొడుగ్గానే చెబుతాను.

పెద్దాయన మాట సగం నిజం. ఇప్పుడు ప్రపంచమంతా చెప్పుకునే వీధి దావత్, అంటే రోడ్డు మీద బండ్లు ఆపి బల్లలు వేసుకుని తినే పద్ధతి, బాగా కనిపించేది ఇంగ్లండులోనే. మొదటి ప్రపంచ యుద్ధం 1918 నవంబరులో ఆగింది, మరుసటి ఏడు 1919 జూలై 19న అక్కడ శాంతి దినం జరిపారు. ఆ రోజుల్లోనే చాలా ఊళ్ళల్లో వీధిలో బల్లలు పరిచి పిల్లలకు టీ, కేకులు, రొట్టెలు పెట్టారు. తండ్రులను, అన్నలను యుద్ధంలో పోగొట్టుకున్న ఇళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నాయి, ఆ పిల్లల కోసం ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ముందుకొచ్చి చేశారు. ఆ తర్వాత 1935లో రాజు గద్దెనెక్కి పాతికేళ్ళు నిండినప్పుడు, 1937లో కొత్త రాజు పట్టాభిషేకానికి, 1945 మే 8న యూరప్‌లో రెండో యుద్ధం ముగిసినప్పుడు ఇట్లాగే వీధులు నిండాయి. 1953 జూన్ 2న ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం. (మనకు జూన్ 2 అంటే తెలంగాణ వచ్చిన రోజు, అది 2014 సంగతి.) 1953 నాటికి అక్కడ చక్కెర ఇంకా రేషన్ మీదే ఉంది, పట్టాభిషేకం కోసమని మనిషికి ఒక పౌండు చక్కెర ఎక్కువ ఇచ్చారు. రేషన్ కాలంలో ఒక్క ఇల్లు కేకు చేయాలంటే కష్టం, నాలుగిళ్ళ చక్కెర కలిస్తే అవుతుంది. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, మీకు పనికొస్తుంది.

1977లో రాణి పాతికేళ్ళ పండుగకు మళ్ళీ పెద్ద ఎత్తున జరిగాయి. ఆ మీద వీధులన్నీ కార్లతో నిండటం వేరే కథ. మన కాలానికి దగ్గరగా వచ్చిన మార్పు ఏమిటంటే, రాజు పేరు, యుద్ధం పేరు లేకుండా ఊరికే ఇరుగుపొరుగు కోసమని చేయడం మొదలైంది. పారిస్‌లో 17వ వార్డులో అటనాస్ పెరిఫాన్ అనే స్థానిక నాయకుడు 1999లో ఇరుగుపొరుగు పండుగ మొదలుపెట్టాడు. ఆయన ఉండే చోట ఒక ముసలావిడ ఫ్లాట్‌లో చనిపోతే నెలల తరబడి ఎవరికీ తెలియలేదు, ఆ సంగతి చూసి కదిలిపోయి చేసిన పని అది. తర్వాత చాలా దేశాలకు పాకింది. ఇంగ్లండులో 2009 నుంచి ఏడాదికోసారి పొరుగువాళ్ళందరూ కలిసి మధ్యాహ్నం భోజనం చేసే కార్యక్రమం నడుస్తోంది, దాన్ని మొదలుపెట్టింది ఈడెన్ ప్రాజెక్ట్ అనే సంస్థ.

ఇక మిగతా సగం. మనకు పండుగలు తక్కువ కాలేదు, నిజమే, పైగా మన పండుగలు వీధి పండుగలే. బతుకమ్మ ఏ ఇంట్లోనూ ఆడరు. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల నాటి వరకు వాకిళ్ళు, కూడళ్ళు, చివరికి చెరువు కట్ట, అంతా బయటే. తంగేడు, గునుగు, బంతి ఎవరింట్లో ఎక్కువుంటే వాళ్ళు పక్కింటికి ఇస్తారు. సద్దుల రోజు చింతపండు పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది, సత్తుపిండి చేతులు మారి చివరికి ఎవరిది ఎవరు తిన్నారో తెలియనట్టు అవుతుంది. హోలీకి ముందు పిల్లలు జాజిరి ఆడుతూ ఇల్లిల్లూ తిరిగి బియ్యమో డబ్బులో అడగడం, కాముడి మంటకు కట్టెలు పోగేయడం నల్లగొండ పల్లెల్లో పెరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు. దసరా సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకోవడం కూడా అంతే. పీర్ల పండుగ సంగతి చెప్పాలంటే చాలా ఉంది. పాలమూరు, నల్లగొండ ఊళ్ళల్లో సాయిబుల ఇళ్ళు ఒకటి రెండే ఉన్నా పీర్లు లేస్తాయి, ఎత్తేవాళ్ళలో హిందువులుంటారు, అలాయి గుంత చుట్టూ ఊరంతా ఆడుతుంది. ఇవన్నీ చూసిన పెద్దాయన మనకు కొత్తగా నేర్పేదేముంది అన్నారంటే నేను తప్పు పట్టను.

కానీ ఆయన ఒక సంగతి వదిలేశారు. మన పండుగలు పాతవే, మీ వీధి మాత్రం కొత్తది.

పాత ఊళ్ళల్లో వాడలన్నీ కులాల వారీగా ఉండేవి. చాలా ఊళ్ళల్లో ఏ వాడ బతుకమ్మ ఆ వాడలోనే ఆడేవాళ్ళు, దళితవాడ బతుకమ్మ వేరుగా ఉండేది, చెరువు దగ్గర కూడా దూరంగానే పెట్టేవాళ్ళు. పెళ్ళిలో ఎవరు ముందు బంతిలో కూర్చోవాలో, ఎవరికి వేరుగా వడ్డించాలో, ఎవరు ఇంటి నుంచి గిన్నె తెచ్చుకుని పట్టుకుపోవాలో అందరికీ తెలుసు. వెనకటి కాలంలో ఊరంతా ఒకే కుటుంబంలా ఉండేదని అంటుంటారు, ఆ మాట అందరూ అనరు, అనేవాళ్ళు ఏ బంతిలో కూర్చున్నవాళ్ళో చూసుకోవాలి. ఇది కోపంతో చెప్పడం లేదు. నా చిన్నప్పుడు నేను కళ్ళారా చూసింది, ఇప్పటికీ సామాను తీసుకుని కొన్ని ఊళ్ళకు పోతే చూస్తున్నది.

అందుకే కలిసి తినడం అనేది మన దగ్గర ఎప్పుడూ చిన్న విషయం కాలేదు. నాగార్జునసాగర్ దగ్గర కృష్ణ దాటితే మాచర్ల, పల్నాడు. అక్కడ 12వ శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్ళనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించాడని పల్నాటి కథలు చెబుతాయి, దాన్నే చాపకూడు అంటారు. ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత కూడా జనం చెప్పుకుంటున్నారంటే అది ఎంత పెద్ద తెగింపో చూడండి. కేరళలో 1917లో చెరాయి అనే ఊళ్ళో అయ్యప్పన్ అనే ఈళవ కులం యువకుడు తన కులంవాళ్ళను, అంటరానివాళ్ళని దూరం పెట్టిన పులయులను కలిపి కూర్చోబెట్టి భోజనం పెట్టిస్తే సొంత కులంవాళ్ళే ఆయన్ను వెలివేశారు, ఎగతాళిగా పులయ అయ్యప్పన్ అని పిలిచారు, ఆయనేమో ఆ పేరును సంతోషంగా తీసుకున్నాడు. తర్వాతి రోజుల్లో సహోదరన్ అయ్యప్పన్‌గా పెద్ద నాయకుడయ్యాడు.

ఇప్పుడు మీ వీధి చూడండి. ప్లాటు కొన్నవాళ్ళు కులం చూసి కొనలేదు, బ్యాంకు లోను ఎంత వస్తుందో, బస్టాండు ఎంత దూరమో చూసి కొన్నారు. ఒక ఇంట్లో దేవరకొండ వైపు నుంచి వచ్చిన లంబాడ టీచరమ్మ, పక్కనే మిర్యాలగూడ రైస్ మిల్లు లెక్కలు రాసే ఆయన, ఎదురుగా కరెంటు ఆఫీసులో పనిచేసే ముస్లిం కుటుంబం, మూల మీద చర్చికి పోయేవాళ్ళు, పైన పోర్షన్‌లో అద్దెకుండే నర్సులు. మీ కాలనీ నేను చూడలేదు కానీ ఇప్పుడొచ్చే కాలనీలన్నీ ఇట్లాగే ఉంటున్నాయి. ఇట్లాంటి వీధి మన తాతల కాలంలో లేదు. గణేశుడి మండపం పెడితే కొందరికి అది తమ దేవుడి పండుగ కాదు, చందా ఇచ్చి పక్కకు జరుగుతారు. ఇఫ్తార్‌కు పిలిస్తే ఇంకొందరు మొహమాటంగా వచ్చి ఖర్జూరం తిని పోతారు. క్రిస్మస్ కూడా అంతే. ఇవన్నీ జరగాలి, బాగా జరగాలి. కానీ వీటిలో ఒకరు ఇంటివాళ్ళు, మిగిలినవాళ్ళు చుట్టాలు. వీధి దావత్‌లో అందరూ ఇంటివాళ్ళే. ఆ వీధిలో ఉండటం తప్ప దానికి ఇంకో అర్హత అక్కర్లేదు. పెద్దాయనకు నేనైతే ఇదే చెబుతాను.

లాభం ఉందా అన్నారు. ఉంది, దీని మీద చదువుకున్నవాళ్ళు చేసిన పని కూడా ఉంది. అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కోలో డొనాల్డ్ యాపిల్‌యార్డ్ అనే ఆయన 1960ల చివర్లో పక్కపక్కనే ఉన్న మూడు వీధులు తీసుకుని చూశాడు. మూడింట్లో ఇళ్ళు ఇంచుమించు ఒకటే తీరు, తేడా అల్లా బండ్లు. రోజుకు 2,000 బండ్లు తిరిగే వీధిలో మనిషికి సగటున ముగ్గురు స్నేహితులు, ఆరుగురు తెలిసినవాళ్ళు ఆ వీధిలోనే ఉన్నారు. రోజుకు 16,000 బండ్లు తిరిగే వీధిలో ఒక్క స్నేహితుడు కూడా సగటున పూర్తిగా లేడు, తెలిసినవాళ్ళు ముగ్గురే. వాకిట్లో నిలబడటానికి, పిల్లలు ఆడటానికి చోటు పోతే మాటలు పోతాయి, అంతే. మన దగ్గర గడప ముందు అరుగులు పోయి, ఆ చోటులో కారు పెట్టే ర్యాంపు వచ్చింది. ఒక సాయంత్రం వీధిలో బండ్లు ఆపడం అంటే ఆ అరుగు మళ్ళీ తెచ్చుకోవడం.

ఇంకోటి ఎండ. 1995 జూలైలో చికాగో నగరంలో వడగాలులకు 700 మందికి పైగా చనిపోయారు. అందులో చాలామంది ఒంటరిగా ఉండే ముసలివాళ్ళు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త పక్కపక్కనే ఉన్న రెండు పేటలను పోల్చి చూశాడు. రెండింటిలోనూ పేదరికం ఉంది, రెండింటిలోనూ ఒంటరి ముసలివాళ్ళున్నారు, అయినా ఒకదాంట్లో చావుల రేటు రెండోదానికి దాదాపు పది రెట్లు. తక్కువ చావులున్న పేటలో దుకాణాలు, జనం, నడిచే వీధులు ఉన్నాయి, ముసలివాళ్ళు బయటకొస్తారు, రాకపోతే ఎవరో ఒకరు అడుగుతారు. రెండో పేటలో పాడుబడ్డ ఇళ్ళు, ఖాళీ స్థలాలు, బయటికి రావడానికే భయం. అక్కడ దావత్‌లు జరిగి బతికారని నేను అనడం లేదు. ఎవరింట్లో ఎవరు ఒంటరిగా ఉన్నారో వీధికి తెలియడమే ప్రాణం నిలిపింది అంటున్నాను. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ ఎండ ఎట్లా ఉంటుందో మీకు వేరే చెప్పాలా. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి, తల్లిదండ్రులు ఇద్దరే, కొన్నిచోట్ల ఒక్కరే ఉంటున్న ఇళ్ళు ప్రతి కాలనీలో ఉన్నాయి. ఆ ఇంటి తలుపు పొద్దున పది దాటినా తెరుచుకోలేదని గమనించేది ఎదురింటివాళ్ళే, అయితే వాళ్ళకు ఆ మనిషి పేరు, మొహం, అలవాట్లు తెలిసి ఉండాలి.

ఒక్కటి మాత్రం ఆశ పెట్టుకోకండి, దావత్‌తో గొడవలు తీరిపోవు. డ్రైనేజీ నీళ్ళు, కారు పార్కింగ్, కుక్కలు, ఇవి తర్వాత కూడా ఉంటాయి. మారేది ఏమిటంటే, ఇదివరకు నేరుగా 100కు ఫోన్ చేసే మనిషి ఇప్పుడు బెల్ కొట్టి "అన్నా, కొంచెం బండి జరుపుతారా" అంటాడు. నేను సామాను వేసిన కాలనీల్లో ఈ మార్పు స్పష్టంగా చూశాను, నాకు అది చాలా పెద్ద విషయంగా అనిపిస్తుంది.

ఇక చేసే పద్ధతి. అన్నిటికన్నా ముందు, క్యాటరింగ్‌కు మొత్తం ఇచ్చేయకండి. నా వ్యాపారానికి అది మంచిదే, ఎక్కువ సామాను పోతుంది, అయినా వద్దంటున్నాను. డబ్బు కట్టి వచ్చి తిని పోతే అది ఇంకో ఫంక్షన్ అవుతుంది, అట్లాంటివి మనకు నెలకు నాలుగు ఉంటూనే ఉన్నాయి. ఇంగ్లండువాళ్ళ చక్కెర సంగతి చెప్పాను కదా. బగారా అన్నం ఒక్కటి ఉమ్మడిగా పెద్ద గంజులో వండించండి, మిగతావి ఇంటికొకటి. ఒకరు దాల్చా, ఒకరు గుత్తి వంకాయ, ఒకరు పచ్చిపులుసు, సర్వపిండి, మలీద ముద్దలు, ఎవరికి ఏది బాగా చేతనైతే అది. ఏమీ వండలేనివాళ్ళు మంచినీళ్ళ క్యాన్లు, ఐసు, అరటిపండ్లు తేవచ్చు. మొదటిసారి మాంసం పెట్టకండి. హలాల్ కావాలా, మాంసం ముట్టనివాళ్ళు పక్కన కూర్చుంటారా, ఎవరు ఏది తింటారు ఎవరు ఏది తినరు అన్న మాటలతోనే సగం జనం ఆగిపోతారు. రెండో ఏడు, అందరూ తెలిశాక, మీరే మాట్లాడుకుని తేల్చుకుంటారు. ఇక మందు అసలు వద్దు. మన దగ్గర దావత్ అనగానే మందు ఉంటుందనుకుంటారు, కాబట్టి పిలిచేటప్పుడే లేదని చెప్పేయండి. మందు ఉందని తెలిస్తే ఆడవాళ్ళు వంట ఇచ్చి ఇంట్లోనే ఉండిపోతారు, పిల్లల్ని పంపరు.

వడ్డన మగవాళ్ళు చేయాలి, గిన్నెలు కూడా వాళ్ళే కడగాలి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. వంట ఎట్లాగూ ఆడవాళ్ళ మీదే పడుతుంది, ఆ తర్వాత వడ్డన కూడా వాళ్ళదే అయితే వాళ్ళకు అది ఇంకో పని దినం, ఇంకోసారి చేద్దామంటే ఎవరూ ఉత్సాహంగా లేవరు. బకెట్ పట్టుకుని బంతిలో నడిచే మనిషి ప్రతి ఒక్కరి మొహం చూస్తాడు, "ఇంకొంచెం వేయనా" అని అందర్నీ అడుగుతాడు. నేను చూసినంతలో కాలనీలో మొహం చాటేసే మగవాళ్ళను అందరిలో కలపడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు. బఫే వద్దు, పట్టాలు పరిచి బంతిగా కూర్చోండి, మోకాళ్ళ నొప్పులవాళ్ళకు అదే వరుసలో బల్లలు వేయండి, వేరే మూలలో వేయకండి. మోదుగ విస్తరాకులు దొరికితే అవే తీసుకోండి, ప్లాస్టిక్ పూత ప్లేట్లు మర్నాడు డ్రైనేజీలో తేలుతాయి.

అద్దెకున్నవాళ్ళను పిలవడం మర్చిపోకండి. ఒక కాలనీలో ఓనర్ల సంఘం లిస్టు పట్టుకుని చేశారు, కిరాయిదారుల పిల్లలు గేట్ల దగ్గర నిలబడి చూస్తున్నారు, వడ్డిస్తున్న నా కుర్రాళ్ళకే మనసు ఒప్పలేదు. మరుసటి ఏడు ఇంటింటికీ పోయి పిలిచారు. అప్పుడు తెలిసింది, పై పోర్షన్‌లో ఉండే అతను ఎలక్ట్రీషియన్ అని, అప్పటి నుంచి లైట్ల పని అతనిదే. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి ఊరుకోకుండా బొట్టు పెట్టి పిలిచినట్టు గడప దగ్గరికి పోయి పిలవండి. వీధి ఊడ్చే మున్సిపాలిటీ అక్కను, చెత్త బండి అన్నను కూడా పిలవండి, మీ వీధి మీకన్నా వాళ్ళకే ఎక్కువ తెలుసు. రానివాళ్ళ గురించి మాట్లాడకండి, ఒక గిన్నెలో కొంచెం కొంచెం అన్నీ పెట్టి పంపండి. మన వైపు గిన్నె ఖాళీగా తిరిగి రాదు, ఆ గిన్నె తిరిగొచ్చేటప్పుడు మాట కలుస్తుంది.

ఏదో ఒక నాయకుడు ఖర్చంతా నేను పెట్టుకుంటానని వస్తాడు. ఫ్లెక్సీ కడతాడు, ఆలస్యంగా వస్తాడు, అందరూ ఆకులు పరుచుకుని ఎదురుచూస్తారు. వద్దనండి. ఆయన మీ వీధిలోనే ఉంటే, కావాలంటే అందరిలాగా కూర వండి తెమ్మనండి.

పర్మిషన్ల సంగతి. మీ వార్డు ప్రతినిధికి, మున్సిపల్ ఆఫీసుకు, ట్రాఫిక్ పోలీసులకు ఒక కాగితం మీద రాసి ముందే ఇవ్వండి. మెయిన్ రోడ్డు వద్దు, లోపలి వీధి చూసుకోండి, అది కూడా పూర్తిగా మూయకుండా ఒక పక్క 108 బండి పోయేంత చోటు వదలండి. టెంట్ కర్రల కోసం సీసీ రోడ్డుకు గుంతలు కొట్టనివ్వకండి, ఇసుక నింపిన డబ్బాల్లోనో ఇనుప స్టాండ్లలోనో నిలబెట్టమని టెంట్ వాళ్ళకు చెప్పండి, మేం చేస్తాం. ఇనుప పైపులు ఎత్తేటప్పుడు పైన కరెంటు తీగలు చూసుకోవాలి, ముఖ్యంగా 11 కేవీ లైను కింద టెంట్ వేయనే వేయకండి, ఈ పనిలో ప్రాణాలు పోయిన కుర్రాళ్ళున్నారు. స్తంభానికి కొక్కెం తగిలించి కరెంటు తీసుకోవద్దు, ఒక ఇంటి మీటరు నుంచి మంచి వైరుతో తీసుకుని ఆ ఇంటివాళ్ళకు బిల్లు ఇచ్చేయండి.

డీజే వద్దు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్ స్పీకర్లు వాడకూడదు, ఇళ్ళుండే చోట పగలు 55 డెసిబుల్స్, రాత్రి 45 దాటకూడదు. చట్టం పక్కన పెట్టినా, పాట ఎక్కువైతే మాట వినపడదు, మీరు కూడేదే మాట కోసం. ఒక చిన్న మైకు చాలు, పిల్లలు పాడతారు, ఎవరో ఒక పెద్దమ్మ బతుకమ్మ పాట అందుకుంటుంది.

తేదీ విషయంలో మా వ్యాపారం గుట్టు ఒకటి చెబుతాను. ముహూర్తాలున్న నెలల్లో ఆదివారం టెంట్ సామాను దొరకడం కష్టం, దొరికినా కిరాయి ఎక్కువ. పుష్యమాసంలోనో మూఢం నడిచేటప్పుడో పెట్టుకోండి, కుర్చీలు, గంజులు, పట్టాలు అన్నీ గోదాములో ఖాళీగా పడి ఉంటాయి, బేరం ఆడినా ఎవరూ ఏమీ అనరు. పుష్యమాసం అంటే చలికాలం కూడా, వాన భయం లేదు, సాయంత్రం ఐదింటికి మొదలుపెడితే ఎనిమిదింటికల్లా పిల్లలు తినేస్తారు. సంక్రాంతికి ఊళ్ళకు పోయినవాళ్ళు తిరిగొచ్చాక వచ్చే ఆదివారం చూసుకోండి. కూరగాయలు ఎంచడంలో, బియ్యం కొలత చెప్పడంలో మీ పెద్దాయన లాంటివాళ్ళకు మంచి అనుభవం ఉంటుంది, ఆయన్ను ఒప్పించడానికి వాదించే బదులు ఆ పని అప్పజెప్పండి. టెంట్ వాళ్ళకు మాత్రం కనీసం వారం ముందు చెప్పండి, సామాను దించుకునేటప్పుడు లెక్కపెట్టి దించుకోండి, మర్నాడు పొద్దున్నే లెక్కపెట్టి ఎక్కించండి.